సర్కారు ముద్ర పడిన చేప

ఈజిప్టులో వసంతాన వచ్చే షమ్ ఎన్నసీమ్ పండుగ వారం రోజులుందనగా కఫ్ర్ బలాసీ ఆరోగ్యాధికారి డాక్టర్ మిద్‌హత్ గారు చారిత్రక ప్రకటన చేశారు. "ఈ ఏడు నా పట్టణంలో ఒక్క ప్రాణి కూడా ఫసీఖ్ ముట్టదు!" ప్రజల కోసం ఆయన అరగంటసేపు నిలబడే మాట్లాడారు.

నిరుడు పండుగకి, ఉప్పులో సరిగ్గా ఊరని ఆ ఫసీఖ్ చేప తిని ముగ్గురు ఊపిరాడక పడిపోయారు. వాళ్లను అంబులెన్సు ఎక్కించింది ఆహార ఇన్‌స్పెక్టరు వగీహ్. అందుకే పుర్రె బొమ్మ ఉన్న హెచ్చరిక పోస్టర్లు తనే అంటించాడు. మొదటిది చేపలమ్మే హాజ్జా బదరియ్యా కొట్టు గోడకి.

సాయంత్రానికి అక్కడ పెద్ద క్యూ.

"ఇదేమిటి హాజ్జా?"

"నీ పుణ్యమే నాయనా! సర్కారు వద్దంటోందంటే ఇందులో ఏదో మంచి ఉన్నట్టేగా? ఎదురు కొట్టాయన ఏడుస్తున్నాడు, ఆయనకీ ఒకటి అంటించు."

"చూపు మసకేస్తుందని రాశారు. నాకు ఆరేళ్లుగా మసకే. ఇక చేప కొత్తగా ఏం చేస్తుంది?" అన్నాడు క్యూలో ముసలాయన.

వగీహ్ ఇంటికెళ్తే తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కన కాగితంలో చుట్టిన చేప.

"అమ్మా, నువ్వు కూడానా!"

"నలభై ఏళ్లుగా తింటున్నా. నీ ఆఫీసు చెబితే మానాలా?"

వగీహ్‌కి ఆ ముగ్గురి మొహాలు గుర్తొచ్చాయి. "సరే, తిను. ఇది మంచిదని రేపు మా ఆఫీసే ముద్ర వేస్తోంది."

కత్తి ఆగింది. "ఎవరూ, మీ ఆఫీసా?" చేప చెత్తబుట్టలో పడింది.

మర్నాడు వగీహ్ ఈ సంగతి చెప్పగానే, డాక్టర్ గారు కాసేపు ఆలోచించి, అది తన ఆలోచనేనని గుర్తు తెచ్చుకున్నారు. కొట్టుకొట్టుకీ ఆకుపచ్చ ముద్ర పడింది: 'పూర్తిగా సురక్షితం. ప్రభుత్వ హామీ.'

మధ్యాహ్నానికి బజారులో ఈగలు తప్ప ఎవరూ లేరు.

"ఈ ముద్ర కోసం ఎవడు ఎంత మింగాడో!" అనుకున్నారు జనం.

బదరియ్యా ఆఫీసుకొచ్చి లబోదిబోమంది. "నా కడుపు కొట్టకు నాయనా! ఆ పాత పోస్టరే పెట్టు. పుర్రె బొమ్మ ఇంకాస్త పెద్దదెయ్యి!"

పండుగనాడు ఆస్పత్రికి ఒక్కరూ రాలేదు. కైరో నుంచి డాక్టర్ గారికి షీల్డు వచ్చింది. "ప్రజలకు మా మాట మీదున్న నమ్మకమే ఈ విజయం" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఊపులోనే తరువాతి వారం పోలియో చుక్కల పోస్టరు మీదా ఆకుపచ్చ ముద్ర వేయించారు. చుక్కలు వేసే పనీ వగీహ్‌కే పడింది. మందు ఉన్న ఐసుపెట్టె పక్కన మూడింటిదాకా ఒంటరిగా కూర్చున్నాడు. చివరికి ఒక తల్లి, చంకలో బిడ్డతో ఆగి పోస్టరు చదివింది. వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఆగు! చుక్కలు వెయ్యకపోతే కాళ్లు చచ్చుబడతాయి. వేస్తే ఏమీ కాదు."

"ఏమీ కాదని ఎవరన్నారు?"

వగీహ్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకు తల్లీ. మా డాక్టరు గారు వెయ్యొద్దన్నారు. దొంగచాటుగా వేస్తున్నా."

ఆవిడ గబగబా వచ్చి బిడ్డ నోరు తెరిపించింది. "చల్లగా ఉండు బాబూ! ఇక్కడే ఉండు, మా చెల్లెలి పిల్లల్ని కూడా తీసుకొస్తా."