రెండు వేళ్ళు కుడికి

మా పాత గాలి తుపాకి ఎడమకి కొడుతుంది. ఈ సంగతి లోకంలో నా ఒక్కడికే తెలుసనుకుని పన్నెండేళ్ళు బతికాను. అక్కణ్ణుంచి రాసుకో, అమ్మడూ. తొందరేం లేదు, నేను మెల్లిగానే చెబుతాను.

దాన్ని గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర చవగ్గా కొన్నాను. అప్పటికే మూడు చేతులు మారింది. చెక్క పిడి మీద ఎవరెవరి చెంపలో ఆని ఆని నున్నగా గుంట పడింది. నా చెంప అందులో సరిగ్గా కూర్చుంది. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా కూడా నాకు అంత బాగా కుదరలేదు.

గొట్టాన్ని మధ్యలో కిందికి విరవాలి, సీసం గుండు ఒకటి పెట్టాలి, మూయాలి, కాల్చాలి. ఠప్ అంటుంది. దాని చదువు అంతే. నా చదువూ దాదాపు అంతే కాబట్టి మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

అప్పట్లో నేను కోత మిల్లులో రంపానికి దుంగలు అందించేవాణ్ణి. అక్కణ్ణుంచి మందపాటి చెక్క ఒకటి తెచ్చి పెరటి గోడకి ఆనించి, దాని ముందు దారాలకి సీసా మూతలు వేలాడదీసి ఆదివారం మధ్యాహ్నాలు కొట్టేవాణ్ణి. పిట్టల జోలికి పోనని మీ నానమ్మకి మాటిచ్చాను. పిట్టలకి ఆ మాట అక్కర్లేకపోయింది. మొదట్లో నా గురి చూసి అవి మూతల పక్కనే వచ్చి కూర్చునేవి.

గుండు ఎందుకు ఎడమకి పోతోందో తేల్చుకోవాలని నాకు ఒకటే ఆరాటం. గాలి వల్లేమోనని తలుపులన్నీ మూసి వసారాలో కొట్టాను. ఎడమకే. కంట్లో తేడా ఏమోనని కన్ను మార్చాను. ఎడమకే. నేల వాలిందేమోనని పళ్ళెంలో నీళ్ళు పోసి చూశాను. నేల బాగానే ఉంది, నీళ్ళు తుడిచిన మీ నానమ్మే బాగోలేదు. విప్పి చూద్దామని విప్పితే లోపలి స్ప్రింగు ఎగిరి అటకెక్కింది. దాన్ని దింపడానికి ఒక పూట, తిరిగి కూర్చోబెట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టాయి.

చివరికి ఒక ఉపాయం దొరికింది. మూతకి రెండు వేళ్ళు కుడిపక్కన గురిపెడితే గుండు తిన్నగా మూతకే తగులుతుంది. ఎందుకో తెలియకపోయినా ఎంతో తెలిసింది. ఈ రహస్యం ఎవరికీ చెప్పలేదు.

మీ నానమ్మకో తమ్ముడున్నాడు. వాణ్ణి లేటెస్టు అనేవాళ్ళం. వాడింట్లో ఏ వస్తువుకీ జుట్టు నెరవదు, నెరిసేలోపే మార్చేస్తాడు. ఒక ఆదివారం కొత్త మోడలు గాలి తుపాకితో దిగాడు. నల్లగా, బరువుగా, నెత్తిన దుర్బిణి పెట్టుకుని ఉంది. కింద గాలి సిలిండరు. తోడుగా నలభై పేజీల పుస్తకం.

"ముందు గాలి నింపాలి బావా," అని పంపు అందుకున్నాడు. డెబ్భై సార్లు కొట్టేసరికి తుపాకి నిండింది, వాడు ఖాళీ అయ్యాడు.

మంచినీళ్ళు తాగి, దుర్బిణిలోకి చూసి, "మూత కొండంత కనబడుతోంది," అన్నాడు. ఐదు మూతలకి ఐదూ కొట్టాడు.

"ఎలా ఉంది బావా?"

"బాగుంది. నువ్వు రాకపోయినా అదే వచ్చి కొట్టేసేలా ఉంది."

"పాతదిస్తే దుకాణంలో ధర తగ్గిస్తారట. ఆ ఇనప గొట్టం ఇచ్చెయ్, నీకూ ఇలాంటిది తెచ్చిపెడతా."

"ఎంత తగ్గించినా ఆ ధరకి నా గొట్టాలు తొమ్మిది వస్తాయిరా."

"తొమ్మిది పాతవి కలిస్తే ఒక కొత్తది అవుతుందా బావా?"

మీ నానమ్మ కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. "ఇచ్చేస్తే పోలా," అంది. "ఆదివారం పూట ఇంట్లో ఒక మొగుడు దొరుకుతాడు."

"దొరికితే ఏం చేసుకుంటావే?"

"అదే, నాకూ ఇంకా తోచలేదు."

అక్కాతమ్ముళ్ళు ఒక మాట మీదుంటే ఈ ఇంట్లో బీరువాలే గోడ మారాయి, తుపాకి ఎంత. అప్పుడు నా బుర్రలో పథకం పుట్టింది.

"సరేరా. వచ్చే ఆదివారం పందెం. మనిషికి ఐదు మూతలు. అందరూ నా పాతదాంతోనే కొట్టాలి. ఎవరెక్కువ కొడితే తుపాకి వాళ్ళది. నువ్వనే కాదు, ఎవరొచ్చి కొట్టినా ఇదే మాట."

"దుర్బిణి లేకుండానా?"

"కళ్ళు తెచ్చుకో చాలు."

ఆ వారమంతా మిల్లులో ఈల వేసుకుంటూ పనిచేశాను. ముట్టుకుంటే సాధన చేశాననుకుంటారని తుపాకి వంక కూడా చూడలేదు.

ఆదివారం లేటెస్టు ముందు నిలబడ్డాడు. తిన్నగా మూతకే గురిపెట్టాడు. పాపం, అనుకున్నాను. ఠప్. మూత గిరగిరా తిరిగింది. గుడ్డిదెబ్బ అనుకున్నాను. ఠప్. రెండోదీ తిరిగింది. ఐదయ్యేసరికి నాలుగు కొట్టాడు.

వాడు తుపాకిని కిందపెట్టలేదు. పిడి నిమిరాడు. మళ్ళీ విరిచి, మూసి, ఆ చప్పుడు విన్నాడు.

"బావా, దీనికి పంపు కొట్టక్కర్లేదు కదూ?"

"అక్కర్లేదు."

"అయితే దుకాణానికి ఇవ్వను. నేనే ఉంచుకుంటా. నువ్వు నా కొత్తది తీసుకో. పుస్తకం కూడా ఇస్తా."

ఇప్పుడు ఐదుకి ఐదు కొడితేనే తుపాకి నాది. రెండు వేళ్ళు కుడికి పెట్టి కాల్చాను. మూత కదల్లేదు. రెండోదీ కదల్లేదు. చాల్లేదేమోనని మూడు వేళ్ళు పెట్టాను. ఆఖరికి నాలుగు.

"బావా, మూతల్ని కొడుతున్నావా, వాటికి ప్రహరీ కడుతున్నావా?" అన్నాడు లేటెస్టు.

మీ నానమ్మ చెక్క దగ్గరికి వెళ్ళింది. మూతకీ గుండు దిగిన చోటుకీ మధ్య వేళ్ళు ఆనించి చూసింది. నా వైపు తిరిగింది.

"మీరు కూడానా?"

"కూడా అంటే?"

"ఇది ఎడమకి కొట్టేదని మీకు తెలుసా?"

"నాకు తెలుసు. నీకెలా తెలుసు?"

"మీరు మిల్లుకెళ్ళాక మధ్యాహ్నం నేనేం చేస్తాననుకున్నారు?"

"కుడతావనుకున్నాను."

"రోజంతా ఎవరు కుడతారండీ."

లేటెస్టు ఒకసారి అక్క వంక, ఒకసారి నా వంక చూశాడు. అలాంటి విషయం వాడి నలభై పేజీల్లో ఎక్కడా లేదు.

"వంకర సంగతి తెలియక మీరు ఓడిపోతారనుకున్నాను," అంది మీ నానమ్మ. "మంగళవారం కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో వెనక గురి చూసే గాడిని వెంట్రుకవాసి జరిపాను. ఇప్పుడు తిన్నగానే కొడుతుంది."

గాలిని అనుమానించాను, నేలని అనుమానించాను, నా కన్నునే అనుమానించాను. ఆ గాడి పక్కన ఓ స్క్రూ ఉందని మాత్రం చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు జరపలేదే?"

"జరిపితే నేను ముట్టుకున్నానని మీకు తెలిసిపోదూ?"

"మరి ఇచ్చేస్తే పోలా అన్నావు?"

"మీరు ఇవ్వరన్న ధైర్యంతో అన్నాను. పందెం కాస్తారని కలగన్నానా?"

"అవన్నీ సరే అక్కా," అన్నాడు లేటెస్టు. "నాలుగు కొట్టాను. తుపాకి నాది."

"ఎవరొచ్చి కొట్టినా ఇదే మాట అన్నార్రా మీ బావ. నేనూ వచ్చాను."

చేతులు తుడుచుకుని, మూతలు సర్దుకుని నిలబడింది. కన్ను మూసినట్టు కూడా నాకు కనబడలేదు. ఐదుకి ఐదు. వంటింట్లోకి వెళ్తూ దారిలో గిన్నె తీసినంత తేలిగ్గా కొట్టింది.

లేటెస్టు కొత్త తుపాకిని సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర నా చెవిలో, "ఇలాంటి పాతది ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందా బావా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

పై ఆదివారం అన్నం తిన్నాక మీ నానమ్మ దగ్గరికి వెళ్ళాను.

"కాసేపు ఇస్తావా?"

"ముందు మూతలు కట్టండి."

కట్టాను. వచ్చి పక్కన నిలబడ్డాను. "నా వంతెప్పుడు?" అని అడిగాను.

"చూద్దాం. కాస్త జరగండి, వెలుతురుకి అడ్డమొచ్చారు."

జరిగాను.