మునిగే పోస్టు

మున్సిపల్ ఈతకొలనులో గొర్లె సన్యాసినాయుడు పదకొండేళ్ళుగా మునిగిపోతున్నాడు. ఆయనది కాంట్రాక్టు పోస్టు. లైఫ్‌గార్డు సర్టిఫికెట్ కావాలంటే మునిగిపోతున్న మనిషిని కాపాడి చూపించాలి. అందుకని మునిగే మనిషి ఒకరు ఎప్పుడూ నీళ్ళలో ఉండాలని నిబంధన. పది నుంచి అయిదు దాకా ఆయన నిజంగానే మునుగుతాడు. నటిస్తే తనిఖీలో అభ్యంతరం వస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొలను ఆస్తి గనక సాయంత్రం కక్కించి మళ్ళీ అందులోనే పోస్తారు.

పరీక్ష సులువే. అభ్యర్థి దూకాలి, నాయుణ్ణి జుట్టు పట్టి గట్టుకి చేర్చాలి, ప్రాణం ఉందని రాయించుకోవాలి, తర్వాతి అభ్యర్థి కోసం మళ్ళీ నీళ్ళలోకి తోసెయ్యాలి. తోయడానికి పది మార్కులు. ఇంతవరకూ ఆ పది ఎవరూ పోగొట్టుకోలేదు.

భీమిలి జాలరిపేట నుంచి వచ్చిన మైలపల్లి పోలేశ్వరికి ఇదే ఆఖరి అవకాశం. సర్టిఫికెట్ వస్తే ఒక స్కూల్లో ఉద్యోగం ఖాయం. రాకపోతే వయసు దాటిపోతుంది. ఆమె నాయుణ్ణి ఒక్క ఊపున గట్టెక్కించి, మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఇక వదల్లేదు.

"తొయ్యమ్మా, టైమవుతోంది," అన్నాడు పరీక్షాధికారి విశ్వనాథం.

"లాగినోడ్ని మళ్ళీ ముంచడమేటండి?"

"ముంచడం కాదమ్మా, యథాస్థానానికి చేర్చడం."

"నానైతే చేర్చను. ఏటి రాసుకుంటారో రాసుకోండి."

నాయుడు దగ్గుతూనే బతిమాలాడు. "వొగ్గెయ్ తల్లీ. వచ్చే ఏడు పర్మనెంటు చేస్తామన్నారు."

"ఎన్నాళ్ళ బట్టి అంటన్నారు బాబూ?"

"పదకొండేళ్ళ బట్టీ."

ఆమె పట్టు ఇంకా బిగించింది. మొండిఘటం. అలాంటి మొండితనం చూస్తే కడుపు నిండుతుంది.

విశ్వనాథం ఎర్రసిరాతో ఫెయిల్ అని రాశాడు. కొలను ఖాళీగా ఉండకూడదు గనక మునిగే పోస్టుకి ప్రకటన అక్కడికక్కడే గేటుకి అంటించాడు. అరగంటలో మూడు వందల పన్నెండు మంది వరస కట్టారు. సగం మంది చేతుల్లో ఇదే కొలను ఇచ్చిన లైఫ్‌గార్డు సర్టిఫికెట్లున్నాయి. వాటిని అదనపు అర్హతగా చూస్తారా అని అడుగుతున్నారు. లోతెంతని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మొదటివాడు చొక్కా మడిచి పక్కన పెట్టి, సంతకం చేసి, దిగి మునగసాగాడు.

పోలేశ్వరి ఎడంచేత్తో నాయుణ్ణి పట్టుకునే గట్టుమీద బోర్లా పడుకుంది. కుడిచెయ్యి చాచి వాడి జుట్టు దొరకబుచ్చుకుంది.

"నువ్వు ఫెయిలయ్యావమ్మా! నీకు కాపాడే అధికారం లేదు!" అని అరిచాడు విశ్వనాథం.

"తెలుసండి," అంటూ ఆమె లాగింది.

వరసలో రెండోవాడు చొక్కా బొత్తాలు విప్పుకుంటున్నాడు.