ఓటీపీ రువైస్‌లో ఉంది

శనివారం ఉదయం ఇడ్లీలు తింటూనే వీరరాఘవరావు ఆ రోజు కార్యక్రమం ఖాయం చేసేశాడు. పది గంటలకు ఎస్సెస్డీ కొనడం, పదకొండుకు దాన్ని లాప్‌టాప్‌లో బిగించడం, పన్నెండుకల్లా లినక్స్ ఎక్కించడం, ఒంటిగంటకు భోజనం.

లాప్‌టాప్ అతని భార్య అనంతలక్ష్మిది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆమెకు ఆన్‌లైన్‌లో ప్రాక్టికల్ పరీక్ష. పాసైతే, వాళ్లుండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోనే ఓ స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసే ఉద్యోగం. పెళ్లయి అబుదాబి వచ్చిన ఇరవై రెండేళ్లకు, నలభై అయిదో ఏట ఆమెకు దొరకబోతున్న మొదటి ఉద్యోగం అది. ఆరు నెలలుగా చేసిన అభ్యాసాలన్నీ విండోస్‌లో ఉన్నాయి, పరీక్షేమో లినక్స్‌లో. రెండూ ఉండాలి, స్విచ్ వేయగానే ఏది కావాలో లాప్‌టాపే అడగాలి. ఉన్న డిస్కులో చోటు లేదు కాబట్టి ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఇంకో డిస్కు, అంటే ఆ ఎస్సెస్డీ, పెట్టాలి.

"నేను వెళ్లి తెచ్చుకుంటానండీ. ఏది పడుతుందో చదివి పెట్టుకున్నాను" అంది అనంతలక్ష్మి.

"పంతొమ్మిదేళ్ల బట్టి నేను ఆఫీసులో చేసేదేమిటి మరి?" అన్నాడు వీరరాఘవరావు.

అతను చేసేది ముసఫాలోని ఓ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. సైటుకు బోల్టు రావాలన్నా ముందు కాగితం రావాలి, మూడు కంపెనీల సరుకు పక్కపక్కన పోల్చిన పట్టిక రావాలి, దాని మీద 'అప్రూవ్డ్' ముద్ర పడాలి. ఇంట్లో కూరగాయలు కూడా అతను ఈ పద్ధతిలోనే కొంటాడు. కాబట్టి స్కేలు పెట్టి స్లాట్ కొలిచాడు. పొడవు ఎనభై మిల్లీమీటర్లు, వెడల్పు ఇరవై రెండు, స్క్రూ ఒకటి. పట్టిక గీసుకుని బయల్దేరాడు.

కంప్యూటర్ షాపతను రమీజ్ రెండు ఎస్సెస్డీలు ముందు పెట్టి అడిగాడు. "సాబ్, సాటా చాహియే యా ఎన్‌వీఎంఈ?"

"దోనోం కా సైజ్ ఏక్ హీ హై నా?"

"సైజ్ ఏక్ హీ హై సాబ్, లేకిన్..."

"బస్. ఖలాస్" అని వీరరాఘవరావు పట్టికలో మూడు టిక్కులు పెట్టి, చేతికి దగ్గరగా ఉన్నది తీసుకున్నాడు. అది సాటా. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి గానీ మాట్లాడే భాషలు వేరు. అనంతలక్ష్మి లాప్‌టాప్ రెండో స్లాట్‌కు ఎన్‌వీఎంఈ భాష ఒక్కటే వచ్చు. ఈ తేడా చెప్పబోయిన రమీజ్ నోరు అలాగే మూసుకున్నాడు.

ఎస్సెస్డీ స్లాట్‌లో బ్రహ్మాండంగా కూర్చుంది. స్క్రూ కూడా పట్టింది. లాప్‌టాప్ మాత్రం దాని మొహం చూడలేదు. పట్టిక తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి తప్పు లాప్‌టాప్‌దే అని తేల్చి, వీరరాఘవరావు ఏవో వీడియోలు చూసి లోపలి సెట్టింగులు తెరిచాడు. ఒకటి ఆపాడు, ఒకటి మార్చాడు, ఇంకొకటి ఏమిటో తెలియక మార్చాడు. ఆఫీసులో ప్రతి మార్పుకూ రివిజన్ నంబరు లేదని మనుషుల్ని వెనక్కి తిప్పి పంపే పెద్దమనిషి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. చివరికి 'సెక్యూరిటీ చిప్ ఖాళీ చేయమంటారా?' అని తెర అడిగితే, చెయ్యి అలవాటుకొద్దీ అప్రూవ్ చేసేసింది.

నీలం తెర వచ్చింది. పాత డిస్కుకు తాళం పడిందనీ, నలభై ఎనిమిది అంకెల కీ కొట్టందే తెరుచుకోదనీ, ఆ కీ ఆన్‌లైన్ ఖాతాలో ఉందనీ దాని సారాంశం. ఖాతా మూడేళ్ల క్రితం వీరరాఘవరావే తెరిచాడు. పాస్‌వర్డ్ మరిచిపోయాడు. మరిచిపోతే ఫోనుకు ఓటీపీ పంపుతామంది ఖాతా. ఆ ఫోన్ నంబరు ఏడాదిన్నర క్రితం అతను వదిలేసినది. వదిలేసిన నంబరును ఫోన్ కంపెనీ కొన్నాళ్లాగి ఇంకెవరికో ఇచ్చేస్తుంది.

"ఆ ఇంకెవరినో అడుగుదాం. మనిషే కదా" అంటూ అతను భార్య ఫోన్ అందుకున్నాడు.

ఎత్తిన మనిషిది గోదావరి యాస. వీరరాఘవరావుకు ప్రాణం లేచొచ్చింది.

"తెలుగువారా! హమ్మయ్య. ఏమీ అనుకోకండి, మీ ఫోనుకి ఇప్పుడే ఓటీపీ ఒకటి వచ్చుంటుంది. అది కాస్త చెప్తారా?"

"ఇన్నాళ్లూ హిందీలో అడిగేవోరు. ఇప్పుడు తెలుగులో కూడా మొదలెట్టేరన్నమాట. ఆయ్, నిన్నెవరు పెట్టారయ్యా ఈ ఉద్యోగంలో?"

"అయ్యయ్యో, నేను అలాంటివాణ్ణి కాదండీ. ఈ నంబరు ఒకప్పుడు నాదే. నా పేరు వీరరాఘవరావు."

"ఏ పేరన్నావ్? ఛీ, ఛీ! ఆ పెద్దమనిషి పేరు వాడుకోడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?"

ఫోన్ కట్టయింది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర తన పేరుకింత గౌరవం ఎలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు. మళ్లీ చేస్తే భార్య నంబరు బ్లాకయింది. తన ఫోన్‌తో చేశాడు, అదీ బ్లాకయింది. ఎదురింటి అక్తర్ బీ జాలిపడి తన ఫోన్‌లో "బేటా, ఓటీపీ దేదో, సవాబ్ మిలేగా" అని, పుణ్యం వస్తుందని బతిమాలింది. "గ్యాంగులో ముసలమ్మల్ని కూడా దింపేరా!" అని అరుపు వినిపించి అక్తర్ బీ కూడా బ్లాకయింది.

సాయంత్రం ఆఫీసు మిత్రుడు రత్నాకర్ ఓ వాయిస్ మెసేజ్ పంపాడు. పైన పది దండాల బొమ్మలు, 'అందరికీ పంపండి' అని రాసి ఉంది. "నమస్కారమండి. రువైస్ నుంచి స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ త్రిమూర్తుల్నండి. వీరరాఘవరావు గారని ఓ పెద్దమనిషి పేరు చెప్పి దొంగలు ఓటీపీ అడుగుతున్నారండి. దమ్ముంటే మా క్యాంపు క్యాంటీన్ కాడికొచ్చి అడగమనండి." కింద రత్నాకర్ ఇలా రాశాడు: 'సార్, మీ పేరు వాడుకుంటున్నారు. జాగ్రత్త.'

అనంతలక్ష్మి నోట్సు పుస్తకం మూసి, "పర్లేదులెండి. వచ్చే బ్యాచ్‌లో రాస్తాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వీరరాఘవరావుకు. వచ్చే బ్యాచ్ దాకా స్కూలువాళ్లు ఆగరని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "పొద్దున్నే రువైస్ వెళ్తున్నా. దమ్ముంటే రమ్మన్నాడుగా" అన్నాడు.

"సరే. మీరటు వెళ్లండి, నేను రమీజ్ షాపుకు వెళ్లి సరైనది తెస్తాను" అంది ఆమె.

ఆదివారం ఎనిమిదింటికి బయల్దేరి, ఇసుక తప్ప ఇంకేమీ కనిపించని రోడ్డు మీద రెండున్నర గంటలు నడిపి, త్రిమూర్తులు క్యాంపు ఎక్కడో వాకబు చేసి, వీరరాఘవరావు క్యాంటీన్ ముందు కారాపాడు. త్రిమూర్తులు ఆరడుగుల మనిషి, తోడు ఇంకో నలుగురు. వీరరాఘవరావు మాట్లాడకుండా ఎమిరేట్స్ ఐడీ తీసి టేబుల్ మీద పెట్టాడు. త్రిమూర్తులు కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"వోర్నాయనో! మీరేనాండీ ఆ వీరరాఘవరావు గారు! ఏడాదై మీ ఫోన్లన్నీ నాకేనండి వస్తన్నాయి!"

టీ వచ్చింది. సంగతంతా బయటపడింది. తెలుగు సంఘం కార్యదర్శి దయాకర్ వారం వారం ఏదో ఒక పని అప్పగిస్తాడు. విజయవాడలోని వీరరాఘవరావు మేనత్త ప్రతి శుక్రవారం తన మోకాలి నొప్పి గురించి గంట మాట్లాడుతుంది. వీళ్లిద్దర్నీ తప్పించుకోవడానికే వీరరాఘవరావు ఎవరికీ చెప్పకుండా నంబరు మార్చాడు.

"రాంగ్ నంబరని చెప్పలేదా మీరు?" అన్నాడు సిగ్గుపడుతూ.

"చెప్పేనండి. మేనత్త గారు 'పరాచికాలాడకురా' అని తిట్టేరండి. సరే, పెద్దావిడ కదా అని వింటన్నాను. ఓటీపీ ఇప్పుడే ఇచ్చేత్తానండి. కానీ మీ కొత్త నంబరు మీరే ఆళ్లకి చెప్పాలండి. మాటివ్వండి."

వీరరాఘవరావు కళ్లు మూసుకుని మాట ఇచ్చాడు. అనంతలక్ష్మి కోసం వారానికో గంట మోకాలి నొప్పి భరించలేడా? ఇంటి దగ్గర ఆమె ఖాతాలో బటన్ నొక్కింది, ఇక్కడ త్రిమూర్తులు ఆరంకెలూ ఒక్కొక్కటిగా, బల్ల గుద్దుతూ, చదివాడు. కాసేపటికి ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది. "తెరుచుకుందండీ! నా ఫైళ్లన్నీ ఉన్నాయి. నేను తెచ్చి బిగించిన కొత్తది కూడా కనిపిస్తోంది. నేను చూసుకుంటాను, ఇంక మీరు దేన్నీ ముట్టుకోకండి." అతను రువైస్‌లో ఉండి ముట్టుకోగలిగింది టీ గ్లాసు ఒక్కటే.

ఇక మాట నిలబెట్టుకోవాలి. ముందు దయాకర్‌కు చేశాడు.

"రాఘవరావు గారా! ఎన్నాళ్లయింది సార్! కొత్త నంబరా? ఎందుకు సార్ మీకు శ్రమ, మా పనులన్నీ త్రిమూర్తులు గారు చూసుకుంటున్నారు. చెప్పిన రోజుకి చేసేస్తారు కూడా."

ఆ 'కూడా' దగ్గర కాస్త గుచ్చుకుంది. ఓర్చుకుని మేనత్తకు చేశాడు.

"నీ నంబరు నాకెందుకురా?" అంది మేనత్త. "ఎప్పుడు చేసినా మీటింగనేవాడివి. నా మోకాలి సంగతి త్రిమూర్తులుకి పూర్తిగా తెలుసు. మళ్లీ నీకు మొదట్నుంచీ ఎక్కడ చెప్పను? పెట్టెయ్, వాడి ఫోనొచ్చే వేళయింది."

ఎదురుగా త్రిమూర్తులు నేల చూపులు చూస్తూ, "ఆదివారాలు కూడా నేనే చేత్తన్నానండి, అలవాటైపోయిందండి" అన్నాడు.

నాలుగింటికి పరీక్ష మొదలైంది. వీరరాఘవరావు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆరింటికి అనంతలక్ష్మి గదిలోంచి బయటికి వచ్చింది. ఆమె మొహం చూస్తేనే ఫలితం తెలిసిపోయింది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఈ శుభవార్త మేనత్తకు ముందు తనే చెప్పాలని ఫోన్ తీశాడు. అటు లైను ఎంగేజ్. చేసేది లేక త్రిమూర్తులుకు ఓ మెసేజ్ పెట్టాడు.

ఏడింటికి మేనత్త అభినందనలు వచ్చాయి, త్రిమూర్తులు ద్వారా.