నేను లేకపోతే కొట్టు నడవకూడదు

వ్యాపారి చచ్చినా చెయ్యకూడని పని ఒకటుంది. ఏ సరుకు ఎక్కడుందో ఇంకొకరికి చెప్పడం!

“అనుకోకుండా మీకేదైనా అయితే కొట్టు గతేమిటి? ముందే అన్నీ రాసిపెట్టుకోండి” అని ఈమధ్య చాలామంది ఊరికే సలహాలిస్తున్నారు. ఊరికే వచ్చేదానికి విలువుంటుందా, మీరే చెప్పండి.

నా హార్డ్‌వేర్ కొట్టులో నూటనలభై సొరుగులున్నాయి. ప్రతిదాని మీదా చీటీ ఉంది. ఒక్క చీటీ కూడా నిజం చెప్పదు. ‘మేకులు’ అన్నచోట తలుపు బందులుంటాయి, ‘బందులు’ అన్నచోట వాషర్లుంటాయి. గుమాస్తా పని నేర్చుకుని ఎదురుగా కొట్టు పెట్టకుండా నేను చేయించుకున్న ఇన్సూరెన్సు అది. అతను కాస్త అలవాటు పడ్డాడనిపిస్తే, ఓ సెలవురోజు అన్నీ తారుమారు చేస్తాను. ఇరవయ్యేళ్లుగా పాపం, “మేకులెక్కడున్నాయి సార్?” అని చేతులు కట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. ఇంత మర్యాద ఏ మేనేజ్‌మెంటు కోర్సు సంపాదించిపెడుతుంది?

పోయిన నెల నిచ్చెన జారి కాలు విరిగింది. నా పద్ధతి గొప్పతనం ఆస్పత్రిలో తెలిసింది. పక్క మంచం ఆయనకి రోజంతా కలిపి రెండు ఫోన్లు. నాకు మధ్యాహ్నానికే ముప్ఫై! “మీరు పెద్ద ఆఫీసరా అండీ?” అంది నర్సమ్మ. కాలెలా ఉందని ఒక్కరూ అడగలేదనుకోండి. అంత లోతుకి వెళితే బతకలేం.

నాలుగోరోజు ఫోను మోగలేదు. ఛార్జింగు చూశాను, సిగ్నలు చూశాను. నర్సమ్మ చేత నా నంబరుకి ఒకసారి ఫోన్ చేయించుకున్నాను. నిక్షేపంలా మోగింది.

నేనే గుమాస్తాకి చేశాను. “ఏమయ్యా, కొట్టు మూసేశారా?”

“లేద్సార్, బేరాలు జోరుగా ఉన్నాయి. అమ్మగారు సొరుగులన్నీ బోర్లించి చూసి, ఏ సొరుగులో ఏముందో దాని పిడికే ఒకటి కట్టేశారు. చూడ్డం, తీయడం. చీటీ చదివే పని కూడా లేదు.”

ఇరవయ్యేళ్ల ఇన్సూరెన్సు ఒక్క పురికొస ఉండతో ఎగిరిపోయింది!

ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ తొమ్మిదింటికల్లా కొట్టుకి వెళ్లిపోతుంది. ఈ ఉదయం టీ పెట్టుకుందామని చంకకర్రల మీద వంటింట్లోకి నడిచాను. ‘టీపొడి’ డబ్బాలో ఉప్పుంది. ‘పంచదార’ డబ్బాలో గుండీలున్నాయి. ఫోన్ చేశాను.

“టీపొడి ఎక్కడ పెట్టావే?”

“సబ్బుపొడి డబ్బాలో.”

“మరి పంచదార?”

“మందుల పెట్టెలో. చీమలు పట్టకుండా.”

“ఇలా పెడితే, నువ్వు లేనప్పుడు మనిషన్నవాడికి దొరుకుతుందా?”

“పెళ్లయ్యాక ఒక్కరోజైనా నేను లేనిదెప్పుడండీ? ఉండండి, బేరమొచ్చింది.” పెట్టేసింది.

కూర్చుని లెక్క వేశాను. యజమాని లేకుండా నా కొట్టు నాలుగో రోజుకల్లా నిలదొక్కుకుంది. ఆమె వంటిల్లు నలభై నిమిషాలు కూడా నడవలేదు. ఇద్దరిలో ఎవరు లేకపోతే పని ఆగిపోతుందో తేలిపోయింది కాబట్టి, ఇక ఆ విషయం మీతో వాదించను.

పొయ్యి మీట ఎటు తిప్పాలో అడగాలి. ఫోను బిజీ వస్తోంది.