బంగారయ్య తుపాకీకి వెల

ఆదివారం పొద్దున్నే ఏటి అవతలి దలా వెళ్ళి, భోజనాల వేళకి తిరిగి వచ్చేయాలన్నది కన్నయ్య పథకం. రంగూన్ రేవులో ఇరవై ఏళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాడికి ఏ సరుకు ఎలా దాటించాలో ఒకరు చెప్పాలా? కాకపోతే ఈసారి సరుకు, అటక మీద పడి ఉన్న తుపాకీ.

యుద్ధం అయిపోయాక పటాలంవాళ్ళు వదిలించుకున్న సామాన్ల గుట్టలోంచి తాత బంగారయ్య దాన్ని కొన్నాడు. రేవులో మూటలు మోసే మనిషికి తుపాకీ ఎందుకో మనకి తెలీదు. ఏటా దసరాకి కుట్టుమిషనుతోపాటు దానికీ పసుపూ కుంకుమా పడేవి. ఏటా దాని చరిత్రా పెరిగేది. కన్నయ్య చిన్నప్పుడు అది ఒక్క జపానువాణ్ణి చంపింది, ఇప్పటికి పదిహేడుగురయ్యారు. యుద్ధమయ్యాక కొన్న తుపాకీ యుద్ధంలో ఎలా పేలిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంతలో సోమవారం వార్డు ఆఫీసువాళ్ళు ఇల్లిల్లూ వెతుకుతారని కబురొచ్చింది. ఈ రోజుల్లో ఇంట్లో తుపాకీ దొరికితే ఇంటాయన మళ్ళీ ఎప్పుడు కనిపిస్తాడో ఎవరూ చెప్పలేరు. కన్నయ్యకి రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు.

"ఏట్లో పారేసి రండి," అంది భార్య దుర్గ.

"తాత వస్తువే! ఇలువెంతో తెలీకుండా పారేస్తామేటి?"

"మీ ఇలువ తెలిసే మా నాన్న నన్నిచ్చినాడేటి?"

దలాలో కిన్ మౌంగ్ ఉన్నాడు. ఒకప్పుడు తుపాకులు బాగుచేసినవాడు, ఇప్పుడు గడియారాలు బాగుచేస్తున్నాడు. తల్లి సీతాలు మన పిల్లే కాబట్టి తెలుగూ వచ్చు. ముందు ఆయన చేత వెల కట్టించి, ఆ తర్వాతే దాని సంగతి తేల్చాలని కన్నయ్య పట్టుబట్టాడు. ఇక లాభం లేదని దుర్గే ఉపాయం చెప్పింది. తుపాకీకి పసుపు గుడ్డ చుట్టి, కొసకి వేపమండలు కట్టింది.

"అమ్మోరి శూలం అనుకుంటారు. ఎవుడూ సెయ్యెయ్యడు," అని తనూ హారతి పళ్ళెం పట్టుకుని వెంట బయలుదేరింది.

నిజమే, ఎవరూ చెయ్యి వేయలేదు. వీధి మలుపులో ఆ మూలింటి దేముడమ్మ ఎదురై, ఒక్క క్షణం కళ్ళార్పకుండా చూసి, ఇంట్లోకి పరుగెత్తి బిందెడు పసుపునీళ్ళు తెచ్చి కన్నయ్య కాళ్ళ మీద కుమ్మరించింది.

"మరిడమ్మ తల్లి శూలం సేయించినావా నాయనా! ఎక్కడికి?"

"ద... దలాకి, అత్తా."

"దలాలో గుడి కట్టినారా? మాకో మాట సెప్పనేదే!"

కాళ్ళకి పసుపునీళ్ళు పడ్డాక శూలం మోసేవాడు వెనక్కి తిరగకూడదు, చేరవలసిన చోటు చేరేదాకా కింద పెట్టకూడదు. మూడు తరాలుగా రంగూన్‌లో ఉంటున్నా ఈ లెక్క మాత్రం శ్రీకాకుళం నుంచి చెక్కు చెదరకుండా వచ్చింది. రేవు చేరేసరికి వెనకాల పాతికమంది పోగయ్యారు. వీధి కుర్రాడు హరి ఎక్కడినుంచో డప్పు కూడా తెచ్చాడు.

"నెమ్మదిగా కొట్టరా బాబూ, నీకు పుణ్యముంటాది," అని కన్నయ్య ఏడుపుగొంతుతో బతిమాలాడు. హరి దాన్ని ఉత్సాహపరచడం అనుకుని ఇంకా గట్టిగా కొట్టాడు.

పడవ గేటు దగ్గర సైనికులు సంచులు విప్పించి చూస్తున్నారు. నడివయసు సార్జెంటు హ్తెట్ ఆంగ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమిటది? గుడ్డ తీయండి," అన్నాడు బర్మీస్‌లో.

గుడ్డ చుట్టు ఒక్కటి జారినా తన బతుకు అక్కడితో సరి. ఆ క్షణాన దేముడమ్మకి పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని ఊగిపోతూ, చోటు చేరకుండా ముసుగు తీస్తే ఊరుకోనని కేకలు పెట్టింది. సార్జెంటు రెండడుగులు వెనక్కి వేసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కన్నయ్య గేటువైపు ఒక్క అడుగు వేసేలోగా ఆయన మళ్ళీ ముందుకొచ్చాడు.

"నా డ్యూటీ అయిపోయింది, మా ఇల్లూ దలాయే. ఇటివ్వండి, నేను మోస్తాను. పుణ్యం."

"వద్దు సయా, బరువు!" అన్నాడు కన్నయ్య, బర్మా మర్యాదంతా ఒలికిస్తూ.

"బరువులు మాకు కొత్తా?"

లాక్కుని భుజాన పెట్టుకున్నాడు. గుడ్డ మీద ఆయన వేళ్ళు మెల్లగా కదిలాయి, తుపాకీ మడమ దాకా వెళ్ళి ఆగాయి. ఒకసారి కన్నయ్య ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు. ఏరు దాటినంతసేపూ దాన్ని భుజం మీంచి దించలేదు. కన్నయ్య మాత్రం పడవ కమ్మీ పట్టుకుని, తను పోతే దుర్గ ఎవరింట్లో తలదాచుకోవాలో చుట్టాలందరినీ వరసగా తలుచుకున్నాడు.

చేరవలసిన చోటు ఇదేనని కన్నయ్య చూపించిన కిన్ మౌంగ్ పెరట్లో దేముడమ్మ హారతిచ్చి ముసుగు తీసింది. డప్పు ఆగిపోయింది.

"భుజం మీద పెట్టగానే తెలిసింది," అన్నాడు సార్జెంటు తాపీగా. "కొత్తగా చేరినప్పుడు మాకూ కవాతు నేర్పడానికి ఇలాంటిదే ఇచ్చారు. చెక్క. గొట్టం ఉత్త ఇనప కడ్డీ. ఇది ఈ జన్మలో పేలదు. పట్టుకెళ్ళండి."

అక్కడితో చేతులెత్తి దండం పెట్టి ఇంటికి పోవలసినవాడు కన్నయ్య. కానీ పాతికమంది ముందు బంగారయ్య మనవడు ఆ మాట పడగలడా?

"చెక్కా? మా తాత చెక్క కొంటాడా?" అని బర్మీస్‌లో, అందరికీ వినపడేలా అరిచాడు. "ఇది అసలు సిసలు తుపాకీ సయా! పదిహేడుమందిని చంపింది!"

సార్జెంటు జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

"అలాగైతే రాసుకోవాలి. పేరు?"

దుర్గ నెత్తి కొట్టుకుంది. "ఈనకి పొద్దున్నుంచీ ఒంట్లో బాగునేదు, సయా!"

"తుపాకుల సంగతి తెలిసినవాళ్ళెవరైనా చూసి కాగితం రాసిస్తే వదిలేస్తాను," అన్నాడు సార్జెంటు.

కిన్ మౌంగ్ కంటికి భూతద్దం పెట్టుకుని వంగాడు. "డమ్మీయే. కానీ కర్ర మేలైనది. పాతకాలపు సరుకు, ఎంతో కొంత ఇలువుంటాది..."

"నేదు! నేదు!" కన్నయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. "సరిగ్గా సూడండి, చెదలు పట్టినాది!"

"చెదలేటి, గట్టిగానే ఉంది."

"పట్టేస్తాది బాబూ, రేపోమాపో! మా తాతకి బేరం రాదు, మోసపోయినాడు. జపానోళ్ళూ నేరు, ఏటీ నేదు. ఇంకా తగ్గించండి, మీ కాళ్ళట్టుకుంటాను!"

చివరికి కాగితం తయారైంది: కవాతు బొమ్మ, ఆయుధం కాదు, విలువ సున్న. సార్జెంటు చదివి, నోటుబుక్కు మూసి, ఇంటికి పోయాడు. పసుపునీళ్ళు పడ్డది ఏదైనా వెనక్కి పోయే ప్రశ్నే లేదని దేముడమ్మ దాన్ని ఆ పెరట్లోనే నిలువుగా పాతించి, కుంకుమ పెట్టి, వారం వారం వస్తామని అందరి తరఫునా మాటిచ్చింది. కిన్ మౌంగ్ తన పెరటివంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

కాగితం రాసినందుకు ఫీజు మాత్రం అసలు తుపాకీ రేటుకే తీసుకున్నాడు.