కోరుట్లకొక సలహా

ఆ బుధవారం నర్సింగ్ రావు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ ధోవతి కట్టుకుని, ఈరోజు ఎవరికో ఒకరికి సలహా చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాడు. ఎవరికి, ఏమని అన్నది ఇంకా తేలలేదు. ఎదురింటి అరుగు మీద మాత్రం అప్పటికే నలుగురు చేరారు.

ఎదురిల్లు జగపతి రావుది. నర్సింగ్ రావు భార్య రుక్మిణికి పెదనాన్న కొడుకు, ఈయనకు బావమరిది. ఇద్దరూ అడవిలో ఉండే నక్సలైట్ అన్నల భయానికి ఊళ్ళలో గడీలకు తాళాలు వేసి కోరుట్ల చేరిన దొరలే. ఊళ్ళో నర్సింగ్ రావు దగ్గితే పదిమంది లేచి నిలబడేవారు. ఇక్కడ దగ్గితే రుక్మిణి కషాయం ఇస్తుంది. జగపతి రావుకు మాత్రం పట్నం అచ్చొచ్చింది. కొడుకును దుబాయికి పంపాలా వద్దా, పిల్లను ఎవరికివ్వాలి, మోకాళ్ళ నొప్పికి ఏ డాక్టరు మంచివాడు, అన్నీ ఆయన్నే అడుగుతారు. అందరికీ ఓపికగా చెప్పి చివర ఒక మాట అంటాడు. "నేను ఆర్డర్ వెయ్య. అడ్వైజ్ చేస్త, గంతే."

ఆ ఇంగ్లీషు మాట వీధి దాటి వినబడినప్పుడల్లా నర్సింగ్ రావుకు కళ్ళలో కారం కొట్టినట్టయ్యేది.

"అడ్వైజ్ అంటే ఏందే?" అని భార్యను అడిగాడు. రుక్మిణి జగిత్యాలలో మెట్రిక్ దాకా చదివింది.

"ఎదుటోళ్ళ మంచి కోరి చెప్పుడు. ఆర్డర్ అయితే వినాల్సిందే. గిది వాళ్ళ ఇష్టముంటే వింటరు."

"వినకపోతే?"

"వినకపోతే లేదు."

నర్సింగ్ రావుకు నమ్మకం కుదరలేదు. "గింత మెత్తటి మాట పెట్టుకొని ఇంగ్లీషోళ్ళు దేశాన్నెట్ల ఏలిన్రే?"

ముందుగా పాలు తెచ్చిన ఎల్లవ్వ దొరికింది. "ఎల్లవ్వా, బర్రెకు పత్తిగింజలు పెట్టు" అన్నాడు. "ఎప్పటిసంది పెడుతనే ఉన్న దొరా" అంటూ ఆమె పాలు పోసి వెళ్ళిపోయింది. ఎదుటివాళ్ళు ముందే చేస్తున్న పనిని సలహాగా లెక్కేసుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. చెప్పులేసుకుని బజారుకు బయల్దేరాడు.

సందు మొదట్లో కిరాణా రాజయ్య జ్వరంతో కంబళి కప్పుకుని గల్లా ముందు కూర్చున్నాడు. నర్సింగ్ రావుకు ప్రాణం లేచొచ్చింది.

"రాజయ్యా, జరంతోని పెయ్యి కాలుతున్నది గదా. దుకాణం బంద్ చేసి ఇంటికి పో."

"గిరాకి టైం దొరా."

నర్సింగ్ రావు పళ్ళు బిగబట్టి, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించాడు. "నేను ఆర్డర్ వేస్తలేను. నీ మంచికే చెప్తున్న. ఇష్టముంటే విను."

రాజయ్యకు చెమటలు పట్టాయి. దొరలు అరవడం ఆయనకు అలవాటే. ఆ రోజుల్లో ఇంత మెత్తగా, ఇష్టముంటే వినమని మంచి చెప్పేవాళ్ళు అడవిలోంచి వచ్చేవాళ్ళే. ఆ మాట వినకుండా ఉన్నవాడు లేడు.

"ఎవలన్న చెప్పమన్నరా దొరా?" అని గొణిగాడు.

సలహాకు కొంచెం బరువుండాలని నర్సింగ్ రావు అటూ ఇటూ చూశాడు. "ఎవలైతే నీకెందుకు? పో."

షట్టర్ దిగింది. పక్క బట్టల దుకాణం గోవర్ధన్ తల బయటపెట్టి "ఏమైందే?" అన్నాడు. "నాకేం తెల్వది. ఇంటికి పోతే మంచిదన్నరు" అని రాజయ్య కంబళితో సహా నడిచాడు. ఎవరన్నారని గోవర్ధన్ అడగలేదు. ఆ రోజుల్లో అడిగేవాళ్ళు కాదు. ఆయన షట్టర్ దించాడు. అది చూసి చెప్పుల దుకాణం, హోటలు, మందుల దుకాణం మూశారు. ఆటోలు మాయమయ్యాయి. బడి వదిలేశారు. జగిత్యాల బస్సు ఊరి బయటనుంచే వెనక్కి తిరిగి, వార్తను కూడా ఎక్కించుకుపోయింది. మధ్యాహ్నానికి జగిత్యాల మూతపడింది. సాయంత్రం కాకముందే సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాయి.

"బంద్ అట. చెప్పలేదు, చెయ్యలేదు" అంది రుక్మిణి తలుపు గడియ పెడుతూ.

"బంద్ గాదు. నా అడ్వైజ్" అన్నాడు నర్సింగ్ రావు. ముఖం వెలిగిపోతోంది. జరిగింది చెప్పాడు.

రుక్మిణి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మెల్లగనుండ్రి. దొర బంద్ చేయించిండంటే పోలీసులు లోపలేస్తరు. తమ పేరు చెప్పుకున్నరని అన్నలు ప్రాణం తీస్తరు. నోరు మూసుకొని కూసోండ్రి."

మూడు పట్నాలు తన మాట విన్న రోజున నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నర్సింగ్ రావుకే తెలుసు. ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సాయంత్రం ఎస్సై జీపు ఎదురింటి ముందే ఆగింది. ఎస్సై అరుగు మీద కూర్చుని, ఏం చేయమంటారని జగపతి రావునే అడిగాడు.

"నేను ఆర్డర్ వెయ్య సార్. అడ్వైజ్ చేస్త. తొందరపడకుండ్రి. పొద్దుగూకేవరకు వాళ్ళే తెరుస్తరు."

సరిగ్గా అప్పుడే రాజయ్యకు జ్వరం తగ్గింది. ఇంట్లో కూర్చుంటే గిరాకి ఎవరు చూస్తారని భార్య చంద్రవ్వ తరిమితే వచ్చి షట్టర్ ఎత్తాడు. అది చూసి గోవర్ధన్ ఎత్తాడు. బజారంతా లేచింది. "జగపతి రావు దొర చెప్పంగనే తెరిచిన్రు" అని జనం అరుగు చుట్టూ మూగారు. ఎస్సై లేచి ఆయనకు చెయ్యి కలిపాడు.

నర్సింగ్ రావు ఓర్చుకోలేకపోయాడు. ప్రాణం పోయినా సరే, ఆ చెయ్యి తనకు రావాల్సింది. రుక్మిణి కొంగు పట్టి లాగినా ఆగకుండా వీధి దాటాడు.

"తెరిపిచ్చింది ఆయన గాదు సార్. మూయించింది నేను. పొద్దుగాల నా మాట మీదనే బజారు బందయింది."

ఎస్సై ఆయన్ను పైనుంచి కిందికి చూసి, జగపతి రావు వైపు తిరిగాడు.

"నిజమేనంటారా?"

"మా బావ మాట వాళ్ళింట్ల పిల్లి గూడ వినది సార్" అన్నాడు జగపతి రావు జాలిగా.

"రాజయ్యా, చెప్పు. నీకెవలు చెప్పిన్రు?" అని నర్సింగ్ రావు కేకేశాడు.

రాజయ్య ఎస్సై తుపాకీ వైపు చూశాడు. "నాకెవలు చెప్పలే సార్. జరమొచ్చింది, పోయి పండుకున్న."

ఎస్సై నవ్వి నర్సింగ్ రావు భుజం తట్టాడు. "ఎండ బాగా కొట్టింది మీకు. మజ్జిగ తాగండి." అరెస్టు తప్పినందుకు రుక్మిణి దేవుడికి దండం పెట్టుకుంది. ఆయనకు మాత్రం జైలే నయమనిపించింది.

మర్నాడు బజారులో గోడ మీద ఎర్ర అక్షరాల కాగితం కనిపించింది. తమ పిలుపు మేరకు బంద్‌ను జయప్రదం చేసిన మూడు పట్నాల ప్రజలకు అన్నలు అభినందనలు తెలిపారు. నర్సింగ్ రావు దాన్ని రెండుసార్లు చదివాడు. జగపతి రావు మీద ఆయనకున్న కుళ్ళు అక్కడికక్కడే పోయింది. ఇక కుళ్ళుకోవాల్సినవాళ్ళంతా అడవిలో ఉన్నారు.