అన్ని బండ్లకూ సరిపోయే పుల్ల

సరిపోని విడిభాగాన్ని మించిన వరం మగవాడికి లేదు! నవ్వకండి. ఒహాయోలో ముప్పై ఏళ్లుగా పాతకార్లవాళ్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను.

మా పక్కింటి వెర్లిన్ హోస్టెట్లర్‌నే చూడండి. వయసు డెబ్బై ఒకటి. ఆయనకు 1967 నాటి ఆకుపచ్చ స్టేషన్ వ్యాగన్ ఒకటుంది. ఆ బండిలోనే నాడీన్‌ను సరస్సు ఒడ్డున ఉన్న ఐస్‌క్రీమ్ బడ్డీకి తీసుకెళ్లి, చేతిలో చెర్రీ ఐస్‌క్రీమ్ కారిపోతుండగా, పెళ్లాడతావా అని అడిగాడు. ఇరవై ఏళ్లు కొట్టంలో దుమ్ము తిన్న ఆ బండిని ఈ వేసవిలో బయటికి లాగాడు.

నాడీన్ కోరిక ఒక్కటే. సెప్టెంబరు మొదటి శనివారం సాయంత్రం ఐదింటికి ఆ బడ్డీని మూసేస్తున్నారు, మళ్లీ తెరవరు. ఈలోగా అదే బండిలో, అదే సీట్లో కూర్చుని ఒక్కసారి వెళ్లి రావాలి.

బండికి అన్నీ ఉన్నాయి. గేర్‌బాక్సులో నూనె ఎంతుందో చూసే డిప్‌స్టిక్కు, అంటే రెండు మూరల ఇనప పుల్ల, అదొక్కటే లేదు. అసలుది ఎక్కడా దొరకదు కనుక వెర్లిన్ కేటలాగు చూసి, వేరెవరో చేసిన పుల్లనూ దాని గొట్టాన్నీ తెప్పించాడు. పెట్టె మీద ఇలా రాసి ఉంది: "అన్ని బండ్లకూ సరిపోతుంది. ఇరవై నిమిషాల పని."

ఎంత ఉదారమైన మాట! అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిపోదని గిట్టనివాళ్లు అంటారు. వాళ్ల మాటలకేం!

పని మొదలెట్టిన మొదటి శనివారం వెర్లిన్ పాత గొట్టం పీకి గోడకు తగిలించి కొత్తది పెట్టాడు. అది వెళ్లి ఇంజను వెనక రేకుకు కొట్టుకుంది. వంచాడు. రెండో శనివారం వంచిన గొట్టంలో పుల్ల దిగలేదు. మూడో శనివారం దిగింది గానీ, పుల్ల పొట్టిది! నూనె తక్కువుందని చూపించింది. పోశాడు. ఇంకా తక్కువే అంది. ఇంకా పోశాడు. నాలుగో శనివారానికి ఎర్ర నూనె పొంగి వాకిలంతా పారాణి పెట్టింది.

ఇక మనిషి ఒంటరిగా మిగులుతాడా? వీధిలోని మగవాళ్లంతా మడతకుర్చీలు పట్టుకుని దిగారు. "వేడి మీద చూడాలయ్యా!" అన్నాడు మాజీ పోస్ట్‌మ్యాన్ డెల్మర్. "చల్లారాక చూడాలి, నీకేం తెలుసు!" అన్నాడు వాళ్ల తమ్ముడు. నేనూ ఓ కుర్చీ తెచ్చుకున్నాను. మొత్తం అయిదుగురం. ఆరు వారాల్లో ఎవరికీ రక్తపోటు పెరగలేదు, ఎన్నికల గురించి ఎవరూ కొట్టుకోలేదు. పుల్ల సరిపోయి ఉంటే ఈ సత్సంగం ఎక్కడిది? సంసారాల్లో పుల్లలు పెట్టేవాళ్లున్నారంటారు. మా పుల్ల మాత్రం అందరినీ కలిపింది.

మరి నాడీన్? ఆమె ప్రతి శనివారం వంటింటి గుమ్మంలోకి వచ్చి ఎంతసేపని అడిగేది. "ఇరవై నిమిషాలు, నాడీన్!" అనేవాడు వెర్లిన్. మొదట్లో మాకందరికీ నిమ్మరసం ఇచ్చేది. తరవాత మానేసింది. ఎందుకో మేం పట్టించుకోలేదు.

చివరి శనివారం ఆమె పసుప్పచ్చ గౌను వేసుకుని, చేతిసంచీతో వచ్చింది.

"మూడయింది, వెర్లిన్."

"ఇంకొక్క ఇరవై నిమిషాలు, బంగారం."

ఆమె పెరట్లోకి వెళ్లి, టమాటా మొక్కకు ఊతంగా పాతిన ఓ పుల్లను పీక్కొచ్చి, మట్టి తుడిచి, పనిబల్ల మీద పెట్టింది. అసలు డిప్‌స్టిక్కు!

వెర్లిన్ నోరు తెరిచాడు. "ఇది... నీ దగ్గరెందుకుంది?"

"పన్నెండేళ్ల కిందట నువ్వు పారెయ్యమన్న డబ్బాలో దొరికింది. అదేంటో నాకేం తెలుసు? నిన్న కాయలు కోస్తుంటే దాని మీద నూనె కొలత గీతలు కనబడ్డాయి."

"మరి నిన్ననే చెప్పొచ్చుగా!"

"చెబుదామనే నిన్న నీ దగ్గరికి వచ్చా. ఇరవై నిమిషాలాగమన్నావు. కేటలాగువాళ్లనడిగావు, కుర్చీల్లో కూచున్న ఈ అయిదుగుర్నీ అడిగావు. నన్నొక్కసారన్నా అడిగావా?"

వీధిలో ఆమె చెల్లెలి కొత్త కారు హారన్ మోగింది. నాడీన్ వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది.

పాత గొట్టం, పాత పుల్ల పెట్టి, ఎక్కువైన నూనె తోడేశాం. కొత్త సామానులో పనికొచ్చింది అడుగున బిగించే రబ్బరు రింగు ఒక్కటే. గడియారం చూశాను. సరిగ్గా ఇరవై నిమిషాలు!

వెర్లిన్ ముందు సీటు ఖాళీగా ఉంచి, నన్ను వెనక కూర్చోబెట్టాడు. నాలుగుంపావుకు బడ్డీ చేరాం. నాడీన్, చెల్లెలు బల్ల మీద కూర్చుని చెర్రీ ఐస్‌క్రీమ్ తింటున్నారు. వెర్లిన్ చేతులు తుడుచుకుని బండి తలుపు తెరిచాడు.

"బండి తెచ్చాను, నాడీన్. వచ్చి కూర్చోవా?"

ఆమె బండిని చూసింది. ఆ సీటును ఇంకాసేపు చూసింది. కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఐస్‌క్రీమ్ మీదికే తల వంచింది.

"వస్తాలే. ఓ ఇరవై నిమిషాలాగు."

ఆయన తలుపు పట్టుకుని ఆగాడు. ఆ ఇరవై నిమిషాలూ అలాగే నిలబడ్డాడు.

సరిపోని విడిభాగం వరమనే నా వాదనలో మార్పు లేదు. దానికి ఇంకా గట్టి రుజువులు కూడా రాసేవాణ్ణే. కానీ ఇది మొదలుపెట్టినప్పటి నుంచి మా ఆవిడ మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్లింది. ఇరవై నిమిషాల పనే అన్నాను. ఏం చెప్పాలని వచ్చిందో అడగలేదు. లేస్తున్నాను.